ముప్పై ఆరో ఏట ప్రాక్టీసు మానేసిన డాక్టరు



పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయిపోయాక మీలో చాలామంది మాట్లాడేది డబ్బు గురించే. ఒకరు భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కన సైటు కొన్నామంటారు. ఒకరు ఎస్ఐపీ కడుతున్నామంటారు. ఇంకొకరు, నలభై ఐదేళ్లకి ఉద్యోగం మానేసి ఊళ్లో హాయిగా ఉండాలని ఉంది మేడం, పాసివ్ ఇన్‌కమ్ ఉంటే చాలు అంటారు. ఆ మాట యూట్యూబ్ వచ్చాక పుట్టిందని మనం అనుకుంటాం. మన తెలుగువాళ్లలోనే ఒకాయన నూరేళ్ల పైచిలుకు కిందట, 1916లో, బాగా సాగుతున్న డాక్టరు ప్రాక్టీసుని ముప్పై ఆరో ఏట మూసేశారు. తర్వాత జీవితంలో మళ్లీ ఫీజు తీసుకుని నాడి పట్టుకునే పని పెట్టుకోలేదు. ఊరికే కూర్చోనూ లేదు. మీలో సగంమంది ఇళ్లలో ఆయన పెట్టిన బ్యాంకు పాస్‌బుక్కు ఉండే ఉంటుంది. ఆయన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు.

మన పిల్లల సోషల్ పుస్తకాల్లో ఆయన పేరు కనిపిస్తే కాంగ్రెస్ అధ్యక్షుల జాబితాలో కనిపిస్తుంది, 1939లో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయిన మనిషిగా. పోటీ పరీక్షల బిట్లలోనూ అంతే. నా మటుకు నాకు ఆ ఓటమి కంటే ఆయన జీవితంలో డబ్బు కథే ఆసక్తిగా అనిపిస్తుంది. అందుకే ఈ నెల ఆ వైపు నుంచి చెబుతాను.

ఆయన 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. ఇప్పుడది ఏలూరు జిల్లా, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. తండ్రి గ్రామ కరణం. పిల్లాడు చిన్నగా ఉండగానే తండ్రి పోయారు. తల్లి పిల్లల చదువు కోసం ఏలూరు చేరారు. కరణం గారి జీతం ఆయనతోనే పోయింది. ఆ రోజుల్లో ఒక మామూలు తెలుగు ఇంటికి ఇన్సూరెన్స్ అన్నది తెలియని మాట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఏలూరు మిషన్ స్కూలు, బందరు నోబుల్ కాలేజీ, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీలో ఎం.బి.సి.ఎం. అప్పటి ఆ డిగ్రీ ఇప్పటి ఎంబీబీఎస్‌కి ముందు తరం అనుకోండి. తండ్రి లేని పిల్లాడు డాక్టరై 1906లో బందరులో ప్రాక్టీసు పెట్టారు. బందరంటే మచిలీపట్నం. మన వైపు కళింగపట్నం, భీమునిపట్నం రేవులకి ఎలాంటి పాత వైభవం ఉందో బందరుకీ అలాంటిదే ఉంది. కాస్త పెద్దది, కాస్త ఎక్కువ గర్వం ఉన్నది.

అదే 1906లో మద్రాసులో ఒక పెద్ద దెబ్బ తగిలింది. ఆర్బత్‌నాట్ అని ఒక ఇంగ్లీషు కంపెనీ ఉండేది. పేరుకి కంపెనీయే కానీ బ్యాంకులా డిపాజిట్లు తీసుకునేది. జమీందార్లు, ప్లీడర్లు, పింఛనుదార్లు, విధవరాళ్లు, అందరూ అందులో దాచుకున్నారు. దొరల కంపెనీ, పెద్ద భవనం, ఇక భయమేముంది అనుకున్నారు. అక్టోబరులో అది కుప్పకూలింది. వేలమంది సొమ్ము పోయింది. ఆ దెబ్బ తిన్న మద్రాసు పెద్దలు మనకంటూ ఒక బ్యాంకు ఉండాలని పట్టుబట్టి మరుసటి ఏడే ఇండియన్ బ్యాంకు పెట్టారు. ఆ వార్తలు చదువుతున్న కాలంలోనే ఇరవై ఐదేళ్ల పట్టాభి గారు బందరులో మొదటి ఫీజులు అందుకుంటున్నారు.

పదేళ్లు ప్రాక్టీసు చేశారు. మంచి పేరు, మంచి రాబడి. ఆ పదేళ్లలోనే ముట్నూరి కృష్ణారావు గారు, కోపల్లె హనుమంతరావు గారితో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పనిలో తిరిగారు. కృష్ణా పత్రిక మనుషుల మధ్య ఉన్నారు. ఆంధ్రులకి వేరే రాష్ట్రం కావాలన్న ఉద్యమంలోనూ ముందు వరసలో ఉన్నారు. పగలు రోగులు, సాయంత్రం సభలు. ఇలా ఎన్నాళ్లు సాగుతుంది? ఏదో ఒకటి వదలాలి. 1916లో ఆయన ప్రాక్టీసు వదిలారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ నిర్ణయం గురించి రాసేవాళ్లంతా త్యాగం అని ఒక్క మాటతో దాటేస్తారు. త్యాగమే, కాదనను. కానీ ఇంట్లో తండ్రి సంపాదన ఆగితే ఏమవుతుందో పసితనంలోనే చూసిన మనిషి ఆయన. లెక్క చూసుకోకుండా దవాఖానా తలుపు మూసి ఉంటారా? పదేళ్లు సంపాదించిందంతా ఖర్చు పెట్టేసిన డాక్టరు పదకొండో ఏట ప్రాక్టీసు మానలేడు. దాచిన డాక్టరే మానగలడు. ఆయన తర్వాత చేసిన పనులు చూస్తే, డబ్బుని పనిలో పెట్టడం ఎలాగో బాగా తెలిసిన మనిషని ఎవరికైనా అర్థమవుతుంది.

మరి అలా మానేయాలంటే ఎంత ఉండాలి? మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇదే. నేను చెప్పేది ఇంగ్లీషు పాఠాలే అయినా బి.ఈడీ.లో లెక్కలంటే భయం పోయింది, కాబట్టి వేసి చూద్దాం. మీ ఇంటి ఖర్చు నెలకి 40,000 అనుకోండి. ఏడాదికి 4 లక్షల 80 వేలు. బ్యాంకు ఫిక్సెడ్ డిపాజిట్‌లో 7 శాతం వడ్డీ వస్తే ఆ మొత్తం వడ్డీగా రావడానికి సుమారు 68 లక్షల 57 వేలు డిపాజిట్ ఉండాలి. ఇక్కడితో లెక్క అయిపోయిందని చాలామంది అనుకుంటారు, కానీ కాలేదు. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది. ఈ రోజు 40,000తో నడిచే ఇల్లు అప్పుడు 80,000 అడుగుతుంది. మీ డిపాజిట్ మాత్రం ఆ పాత 40,000 వడ్డీయే ఇస్తూ ఉంటుంది. పైగా ఆ వడ్డీ మీద టాక్సు ఉంటుంది. కాబట్టి వచ్చిన వడ్డీ అంతా తినేస్తే పాసివ్ ఇన్‌కమ్ కాస్తా ఏటేటా కరిగిపోతుంది. కొంత తిని, కొంత మళ్లీ అసలులో కలపాలి. అంటే 68 లక్షలు కాదు, అంతకంటే చాలా ఎక్కువ కావాలి, లేదా ధరలతోపాటు పెరిగే చోట కొంత భాగం ఉండాలి. పట్టాభి గారి కాలంలో ఆ పెరిగే చోట్లు ఏవో తర్వాత చూద్దాం.

ప్రాక్టీసు మానడానికి ఒక ఏడాది ముందే, 1915లో, ఆయన కృష్ణా జిల్లాలో కోఆపరేటివ్ బ్యాంకు పని మొదలుపెట్టారు. సహకార సంఘాల చట్టం 1904లో వచ్చింది, 1912లో దాన్ని విస్తరించారు. అప్పటిదాకా డెల్టా రైతుకి అప్పు కావాలంటే షావుకారే గతి. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు. మన వైపు ఇప్పటికీ ఆ భాషే కదా, రెండు రూపాయల వడ్డీ అంటే ఏదో చిన్న సంఖ్యలా వినిపిస్తుంది. నెలకి నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. చక్రవడ్డీ అయితే మూడేళ్లకే అప్పు రెట్టింపు. మా పదో తరగతి ఎకనామిక్స్‌లో మనీ అండ్ క్రెడిట్ అని ఒక చాప్టర్ ఉంది. ఆ లెక్క బోర్డు మీద వేస్తే పిల్లలు నోరు తెరిచారు. వాళ్లలో ఒక అబ్బాయి, మరి మా ఇంట్లో ఫీజు కోసం తెచ్చింది అదే వడ్డీ మేడం అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

ఆ అబ్బాయి మాట మీకు చెప్పడానికి కారణం ఉంది. పాసివ్ ఇన్‌కమ్ గురించి ఆలోచించే ముందు మీ ఇంట్లో 24 శాతం అప్పు ఏదైనా ఉందేమో చూడండి. దాన్ని తీర్చేయడమంటే 24 శాతం లాభం వచ్చే చోట పెట్టుబడి పెట్టినట్టే. అంత రాబడి ఖాయంగా ఇచ్చే స్కీము ఈ దేశంలో ఇంకెక్కడా లేదు. ఫీజుల సంగతి మా స్కూలు ఆఫీసులో ముందే మాట్లాడితే వాయిదాల్లో కట్టుకోవచ్చు. రెండు రూపాయల వడ్డీకి వెళ్లే ముందు ఒక్కసారి అడగండి.

ఇక బ్యాంకు కథకి వద్దాం. 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరైంది. నవంబరు 28న బందరులో తలుపులు తెరిచింది. ఆథరైజ్‌డ్ క్యాపిటల్ 10 లక్షలు, చెల్లించిన మూలధనం 1 లక్ష. ఆ లక్ష ఎక్కడిది? ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు, ఏ దొరా ఇవ్వలేదు. మనవాళ్లు షేర్లు కొన్నారు. షేరు కొనడమంటే ఏమిటో అప్పటికి ఎంతమందికి తెలుసు? భూమి తెలుసు, బంగారం తెలుసు, వడ్డీకి తిప్పడం తెలుసు. ఒక కాగితం ముక్కకి డబ్బిచ్చి, ఆ సంస్థకి లాభమొస్తే నాకూ ఒక వాటా వస్తుందని ఎదురుచూడటం కొత్త. అది కూడా స్వదేశీ బ్యాంకులు కూలుతున్న రోజుల్లో. 1913లో లాహోరులో పీపుల్స్ బ్యాంకు, బొంబాయిలో ఇండియన్ స్పీషీ బ్యాంకు మూతపడ్డాయి, వాటి వెనకే ఇంకెన్నో చిన్న బ్యాంకులు పడిపోయాయి. ఇండియన్ల బ్యాంకంటేనే జనం దడుచుకుంటున్న సమయం. అప్పట్లో డిపాజిట్‌కి గవర్నమెంటు హామీ లేదు. రిజర్వు బ్యాంకు కూడా ఇంకా పుట్టలేదు, అది 1935లో వచ్చింది. అలాంటి చోట ఒక డాక్టరు, అందులోనూ కాంగ్రెస్ మనిషి, ఎప్పుడు జైలుకి పోతాడో తెలియనివాడు, వచ్చి మీ డబ్బు నా బ్యాంకులో వేయండి అంటే వేస్తారా? వేశారు. పదేళ్లు ఆ ఊళ్లో ఆయన చేతి మందు తిన్నవాళ్లు వేశారని నా ఊహ. రోగి డాక్టరుని నమ్మే నమ్మకమే మొదటి మూలధనం అయి ఉంటుంది.

రెండేళ్లు తిరక్కుండానే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. తండ్రి చనిపోతే ఇల్లు ఎలా కుంటుతుందో చూసిన పిల్లాడే ఈ పని చేశాడన్నది నాకు కాకతాళీయంగా అనిపించదు. జీవిత బీమా అన్నది తండ్రి పోయిన తర్వాత కూడా ఇంటికి రాబడి వచ్చేలా చేసే ఏర్పాటు. పాసివ్ ఇన్‌కమ్ లో అదీ ఒక రూపమే. 1927లో భూమి తనఖా బ్యాంకు. 1929లో భారత లక్ష్మీ బ్యాంకు. 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్. మధ్యలో ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు. ఆయన డబ్బు పనులకీ దేశం పనులకీ మధ్య గోడ లేదు. రైతు అప్పు, కుటుంబం భద్రత, తెలుగువాళ్ల పొదుపు తెలుగు నేల మీదే తిరగడం, ఇవన్నీ ఆయనకి స్వరాజ్యంలో భాగమే.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. మీలో చాలామంది ఎండోమెంట్ పాలసీ చూపించి ఇది మా పెట్టుబడి అంటారు. పెట్టుబడి వేరు, బీమా వేరు. మీరు లేకపోతే పిల్లల చదువు ఆగకుండా ఉండటానికి టర్మ్ పాలసీ తక్కువ ప్రీమియంతో పెద్ద మొత్తానికి వస్తుంది. మిగిలిన డబ్బు వేరేగా దాచుకోండి. రెండూ కలిపి ఇచ్చే పాలసీ తీసుకునే ముందు, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే మొత్తం ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఏజెంటుని కాగితం మీద లెక్క వేసి చూపించమనండి. ఏజెంట్లు మనలో చాలామందికి బంధువులే. అందుకే ఆ అడగటం కష్టం, నాకూ తెలుసు.

ఇదే కాలంలో ఇంకొక తెలుగు పెద్దమనిషి ఉన్నారు, ఆయన్ని పక్కన పెట్టి చూడకపోతే ఈ కథ సగమే. టంగుటూరి ప్రకాశం పంతులు గారు. ఆయనకీ చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచారు. ఇంగ్లండు వెళ్లి బారిస్టరయ్యారు. మద్రాసులో ఆయన సంపాదన ముందు పట్టాభి గారి డాక్టరు ఫీజులు ఒక లెక్కలోకి రావు. ఆయనా 1921లో ప్రాక్టీసు వదిలారు. కానీ సంపాదించిందంతా స్వరాజ్య అన్న పత్రికలో పోశారు. ఇంగ్లీషులో మొదలైంది, తర్వాత తెలుగు, తమిళం కూడా వచ్చాయి. పత్రిక ఆస్తులన్నీ తినేసింది. చివరికి పత్రికా పోయింది, ఆస్తులూ పోయాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయన దగ్గర చెప్పుకోదగ్గ సొమ్ము లేదు. 1957లో కన్నుమూశారు. తెలుగువాళ్లు ఆయన్ని ఆంధ్రకేసరి అని గుండెల్లో పెట్టుకున్నారు, పట్టాభి గారిని అంతగా పెట్టుకోలేదు.

ఎవరు సరైన దారిలో నడిచారని అడిగితే నా దగ్గర జవాబుంది, మీకు నచ్చకపోవచ్చు. దేశం కోసం అయితే ఇద్దరూ సరే. ఇంటి పెద్దగా అయితే నేను పట్టాభి గారి వైపే. ఒకే చోట అంతా పోయడం ధైర్యంలా కనిపిస్తుంది. మన జిల్లాల్లో అది ఒకే ఫ్లాటు, ఒకే సైటు, ఒకే చీటీ రూపంలో ఉంటుంది. పలాసలో జీడిపప్పు బట్టీ నడిపే తండ్రి, మర్చంట్ నేవీలో ఏడాదికి ఆరునెలలు ఓడ మీద ఉండే తండ్రి, రాజాంలో బట్టల షాపు నడిపే తల్లి, వీళ్లందరి కష్టార్జితం చాలాసార్లు ఒకే లేఅవుట్‌లో ఉంటుంది. సైటు మంచిదే కావచ్చు. కానీ సైటు అద్దె ఇవ్వదు. అమ్మితేనే డబ్బు, అమ్మే రోజున కొనేవాడు ఉండాలి. ధర పెరిగిందని సంతోషించే ఆస్తి వేరు, నెలనెలా చేతికి రాబడి ఇచ్చే ఆస్తి వేరు. పట్టాభి గారు పెట్టిన సంస్థల లిస్టు మళ్లీ చూడండి. అప్పు మీద వడ్డీ, షేరు మీద డివిడెండు, బీమా. అన్నీ కొనసాగే రాబడి ఇచ్చేవే.

రాజకీయ జీవితం సంగతి త్వరగా చెప్పేస్తాను, పిల్లలకి అది పుస్తకాల్లో దొరుకుతుంది. 1919 నుంచి జన్మభూమి అని ఇంగ్లీషు వారపత్రిక నడిపారు. 1935లో కాంగ్రెస్ యాభయ్యేళ్ల సందర్భంగా దాని చరిత్ర ఇంగ్లీషులో రాశారు, ఇప్పటికీ పరిశోధకులు తిరగేసే పెద్ద గ్రంథం అది. 1939లో గాంధీజీ మద్దతుతో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ చేసి బోస్ గారి చేతిలో ఓడారు. 1948లో జైపూరు కాంగ్రెస్‌కి అధ్యక్షులయ్యారు. భాషా రాష్ట్రాల మీద నెహ్రూ, పటేల్‌తో కలిసి ఉన్న జేవీపీ కమిటీలో చివరి అక్షరం ఆయనదే. 1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నరు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

ఒక్క దగ్గర మాత్రం ఆగుతాను. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం తర్వాత బొంబాయిలో పెద్ద నాయకులందర్నీ అరెస్టు చేసి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. నెహ్రూ, పటేల్, ఆజాద్‌తో పాటు పట్టాభి గారు కూడా అక్కడ సుమారు మూడేళ్లు ఉన్నారు. అక్కడ రాసుకున్న డైరీ తర్వాత ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. అరవై దాటిన మనిషి, మూడేళ్లు కోటలో. ఆ మూడేళ్లూ బ్యాంకు నడిచింది. ఆయన రోజూ వెళ్లి సంతకం పెట్టకపోయినా నడిచింది. దవాఖానా అయితే నడవదు. డాక్టరు జైలుకి పోతే దవాఖానాకి తాళమే.

మీ సంపాదన కూడా ఒకసారి ఇలా చూడండి. మీరు మూడు నెలలు మంచం పట్టారనుకోండి, దేవుడి దయవల్ల అలా జరగకూడదు, అప్పుడు ఇంటికి వచ్చే రూపాయి ఎంత? ఆ జవాబే మీ అసలు పాసివ్ ఇన్‌కమ్. చాలామంది జవాబు సున్నా అని నాకు తెలుసు. ఈ వ్యాసం రాస్తున్న టీచరు జవాబు కూడా సున్నాకి కొంచెం పైన. నెలకి 2,000 వేయడం మొదలుపెట్టాను. 8 శాతం వస్తుందనుకుంటే పదిహేనేళ్లకి నేను వేసేది 3 లక్షల 60 వేలు, అయ్యేది సుమారు 6 లక్షల 90 వేలు. చిన్న మొత్తమే, దాంతో ఉద్యోగం మానలేను. కానీ ఎనిమిదో తరగతి పిల్లలకి చక్రవడ్డీ చెప్పేటప్పుడు నా సొంత లెక్క బోర్డు మీద వేయగలుగుతున్నాను.

పెరిగే చోట్ల గురించి చెబుతానన్నాను. పట్టాభి గారి తరానికి కొత్త కంపెనీ షేరంటే ముందుకొచ్చిన వాళ్ల ముఖం చూసి కొనడమే. ఇప్పుడు మీకు యాభై పెద్ద కంపెనీల్లో ఒకేసారి వాటా ఇచ్చే నిఫ్టీ ఇండెక్స్ ఫండు నెలకి ఐదొందలతో దొరుకుతుంది. అలాగని అది బ్యాంకు డిపాజిట్ కాదు. 2020 జనవరిలో 12,000 పైన ఉన్న నిఫ్టీ మార్చిలో 8,000 కిందికి పడింది. వచ్చే ఏడాది కూతురి ఇంటర్ ఫీజు అందులో పెట్టకూడదు. పదిహేనేళ్ల తర్వాత కావాల్సింది పెట్టొచ్చు. ఖాయంగా ఉండాలనుకుంటే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పీపీఎఫ్ ఉంది, పదిహేనేళ్ల గడువు, 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం, వడ్డీ మీద టాక్సు లేదు.

ఎక్కువ ఆశ చూపే స్కీముల మాటకొస్తే మన రెండు జిల్లాలకీ చేదు అనుభవం ఉంది. ఏజెంటు మన వీధివాడే, రశీదు అందంగా ఉంటుంది, ఆఫీసు ఏసీ. ఆ తర్వాత ఒక రోజు షట్టరు దిగి ఉంటుంది. ఆర్బత్‌నాట్ కథ నూట ఇరవై ఏళ్లుగా అదే స్క్రిప్టుతో నడుస్తోంది. బ్యాంకులో అయితే 1962 జనవరి 1 నుంచి డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది, మొదట్లో 1,500 వరకు, 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు. చీటీ కడుతుంటే అది 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరయిందా అని అడగండి. అనుమతి లేని డిపాజిట్ స్కీములని నిషేధిస్తూ 2019లో చట్టం కూడా వచ్చింది. అడిగితే ఏజెంటుకి కోపం వస్తే, మీకు జవాబు దొరికినట్టే.

ఆంధ్రా బ్యాంకు సంగతి ముగించాలి. 1956లో జీవిత బీమా కంపెనీలన్నీ ఎల్ఐసీలో కలిసిపోయాయి, మొత్తం 245 సంస్థలు. 1964లో భారత లక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసింది. 1980 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. దేశంలో క్రెడిట్ కార్డులు ముందుగా తెచ్చిన బ్యాంకుల్లో అదొకటి, పొదుపు నేర్పిన డాక్టరు గారు దీనికి ఏమనేవారో మరి. మన శ్రీకాకుళం జిల్లాకి చాలాకాలం లీడ్ బ్యాంకు అదే. రైతు లోన్లు, డ్వాక్రా గ్రూపుల లింకేజీ, మన అమ్మల మొదటి అకౌంట్లు చాలావరకు దాని కౌంటర్ల దగ్గరే మొదలయ్యాయి.

2020 ఏప్రిల్ 1న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. షేర్లు ఉన్నవాళ్లకి ప్రతి 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకి 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. పేరు పోయిందని బాధపడ్డవాళ్లున్నారు, లెక్క చూసుకున్నవాళ్లున్నారు. మీ బీరువాలో తాతగారి పేరు మీద పాత ఆంధ్రా బ్యాంకు షేరు సర్టిఫికెట్ కాగితం ఏదైనా ఉంటే పారేయకండి. దాన్ని డీమ్యాట్‌లోకి మార్చుకునే దారి ఉంటుంది, బ్యాంకు రిజిస్ట్రార్‌కి రాయాలి, వారసత్వ సర్టిఫికెట్ అడుగుతారు, కొన్ని నెలలు పడుతుంది.

ఇంకొక చిన్న సంగతి. పాత ఆంధ్రా బ్యాంకు అకౌంట్ నుంచి ఆన్‌లైన్‌లో ఫీజు కట్టే తల్లిదండ్రులకి: ఏ-ఎన్-డి-బి తో మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సి కోడ్ ఇప్పుడు చెల్లదు, యు-బి-ఐ-ఎన్ తో మొదలయ్యే కొత్తది వాడాలి. పాస్‌బుక్కు మొదటి పేజీలో పాతదే అచ్చయి ఉంటే బ్రాంచిలో అడిగి కొత్తది రాయించుకోండి.